సముద్రగర్భ ఫైబర్ కేబుల్ రికార్డుల్లోని నాయిస్‌ను ఏ వరుసలో తొలగించాలి?

ప్రశ్న (తీరరేఖ)

అందరికీ నమస్కారం. 2021 నవంబరు తొలి రోజుల్లో అమెరికాలోని ఓరెగన్ తీరాన, ఓషన్ అబ్జర్వేటరీస్ ఇనిషియేటివ్ వారి రెండు సముద్రగర్భ కేబుళ్లకు డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్, అంటే డాస్ యంత్రాలను (ఫైబర్‌లోకి కాంతిని పంపి, వెనక్కి వచ్చే కాంతితో దాని కదలికలను కొలిచేవి) అనుసంధానించి నాలుగు రోజులపాటు సేకరించిన రికార్డులు అందరికీ అందుబాటులో ఉన్నాయి. వాటిలో ఉత్తరపు కేబుల్‌ను, మొదటి రిపీటర్ (సంకేతాన్ని బలపరిచే పరికరం) వరకు ఉన్న సుమారు 65 కిలోమీటర్ల మేర, నేను పరిశీలిస్తున్నాను. ఫిన్ తిమింగలాలు 20 హెర్ట్జ్ సమీపంలో ఇచ్చే, ఒక్కొక్కటి దాదాపు ఒక సెకను ఉండే పిలుపులను గుర్తించడం నా ఉద్దేశం. ఛానళ్ల (కేబుల్ మీది కొలత బిందువుల) మధ్య ఎడం సుమారు 2 మీటర్లు, గేజ్ పొడవు (ఒక్కో కొలతకు తీసుకునే ఫైబర్ ముక్క పొడవు) సుమారు 50 మీటర్లు.

కాలాన్ని అడ్డంగా, దూరాన్ని నిలువుగా ఉంచి చిత్రం గీస్తే మూడు రకాల రొద కనిపిస్తోంది. కేబుల్ మొత్తం మీద ఒకే క్షణాన పడే నిలువు చారలు ఒకటి. కొన్ని ఛానళ్లలో మాత్రమే విడవకుండా సాగే అడ్డగీతలు రెండవది. తీరానికి దగ్గరలో పది సెకన్ల ఆవర్తనంతో వచ్చే పెద్ద ఊపు మూడవది. నేను ముందుగా 15 నుంచి 25 హెర్ట్జ్ వరకు మాత్రమే ఉంచే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ వేసి, ఆ తరువాత వంద ఛానళ్లకొక మీడియన్ (మధ్యస్థ విలువ) లెక్కించి ఆ గుంపులోని ప్రతి ఛానల్ నుంచి తీసివేశాను. చారలు పోయాయి కానీ వాటితోపాటు పిలుపులు కూడా చాలావరకు పోయాయి. పైగా 40 కిలోమీటర్లు దాటాక, పక్క ఛానళ్లలో జాడ లేకుండా ఒక్క ఛానల్‌లోనే పిలుపు వంటిది కనిపిస్తోంది. నేను ఎక్కడ పొరబడ్డానో దయచేసి చెప్పగలరు.

సమాధానం (గాజుతంత్రి)

నిలువు చారల సంగతి ముందుగా చూద్దాం, ఎందుకంటే మీ పిలుపులు పోయింది అక్కడే. ఆ చారలు సముద్రంలో పుట్టినవి కావు. ఒడ్డు నుంచి కాంతిని పంపి కొలిచే ఇంటరాగేటర్ యంత్రంలోని లేజర్ పౌనఃపున్యం కొద్దిగా జరిగినా, ఆ యంత్రం ఉన్న గదిలో ఫ్యాను వల్లనో మనుషుల నడక వల్లనో కదలిక కలిగినా, ఆ మార్పు అన్ని ఛానళ్లలోనూ ఒకేసారి నమోదవుతుంది. మీడియన్ తీసివేయడం దానికి సరైన మందే, మోతాదే తప్పింది. వంద ఛానళ్లంటే 200 మీటర్లు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు వెళుతుంది కాబట్టి, కేబుల్ వెంట నేరుగా వచ్చే పిలుపు కూడా ఆ దూరాన్ని 0.13 సెకనులో దాటేస్తుంది, పక్క నుంచి వచ్చేదైతే అన్నింటినీ దాదాపు ఒకేసారి తాకుతుంది. సెకను పాటు ఉండే పిలుపును ఆ వంద ఛానళ్లూ కలిసి వింటున్నప్పుడు, మీ లెక్క దానిని కూడా ఉమ్మడి నాయిస్‌గానే భావించి తుడిచేసింది.

అదే మీడియన్‌ను 65 కిలోమీటర్ల మీద ఒక్కసారిగా లెక్కించండి. ఆ కేబుల్ ఒక కొస నుంచి మరో కొసకు శబ్దం చేరడానికి 40 సెకన్లకు పైగా పడుతుంది కనుక ఏ పిలుపూ ఏ క్షణంలోనూ సగం ఛానళ్లలో ఉండలేదు. ఆ మీడియన్‌లో మిగిలేది యంత్రం రొద మాత్రమే. ఇది ఫిల్టర్ కంటే ముందు చేయవలసిన పని.

సమాధానం (అలలలోతు)

పై సమాధానంతో ఏకీభవిస్తూ, 40 కిలోమీటర్ల తరువాత కనిపించే ఆ ఒంటరి పిలుపుల గురించి నా అనుభవం చెబుతాను. ఇదే పొరపాటుతో నేను చాలా రోజులు వృథా చేసుకున్నాను, మీకు ఆ శ్రమ తప్పాలని కోరుకుంటున్నాను.

ఫైబర్ గాజులోని లెక్కలేనన్ని సూక్ష్మమైన అసమానతల నుంచి వెనక్కి వచ్చే కాంతి, అంటే రేలీ పరిక్షేపణం, డాస్‌కు ఆధారం. ఆ చిన్న చిన్న తరంగాలు కొన్ని చోట్ల ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అక్కడ తిరిగి వచ్చే కాంతి దాదాపు శూన్యమై, దాని ఫేజ్, అంటే డాస్ కొలిచే తరంగ స్థితి, విలువకు అర్థం లేకుండా పోతుంది. దీనినే ఫేడింగ్ అంటారు. దూరం పెరిగేకొద్దీ ఇది మరింత బాధిస్తుంది, ఎందుకంటే 1,550 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ తగ్గుతుంది. 60 కిలోమీటర్లు పోయి రావడానికి 24 డెసిబెల్ నష్టం. పంపే కాంతి పల్స్ శక్తిని ఇష్టం వచ్చినట్లు పెంచి దీనిని పూడ్చలేం, కొంత హద్దు దాటితే ఫైబరే కాంతిని వక్రీకరిస్తుంది.

ఫేడింగ్ ఉన్న చోట ఫేజ్ ఉన్నట్టుండి ఒక పూర్తి చుట్టు ఎగురుతుంది. అటువంటి ఎగురుడులో అన్ని పౌనఃపున్యాలూ ఉంటాయి కాబట్టి, మీ 15–25 హెర్ట్జ్ ఫిల్టర్ గుండా వెళ్లగానే అది గంట మోగినట్లు 20 హెర్ట్జ్ దగ్గర కాసేపు ఊగుతుంది, చూడడానికి అచ్చం తిమింగలం పిలుపే. అందువల్ల ఎగురుళ్లను గుర్తించి సరిచేయడం బ్యాండ్‌పాస్ కంటే ముందే జరగాలి. వెనక్కి వచ్చిన కాంతి తీవ్రత మీ ఫైళ్లలో లేకపోతే, ప్రతి ఛానల్‌లో 60 హెర్ట్జ్‌కు పైన ఉన్న శక్తిని కొలిచి, అది ఎక్కువగా ఉన్న ఛానళ్లకు తక్కువ విలువ ఇస్తూ పక్క ఛానళ్లతో సగటు తీయండి.

తీరం దగ్గరి ఊపు మీద ఎక్కువ సమయం పెట్టకండి. పది సెకన్ల అల తరంగదైర్ఘ్యం లోతైన నీటిలో 156 మీటర్లు. అందులో సగం లోతు దాటాక దాని ఒత్తిడి దాదాపు అడుగుకు చేరదు, 20 హెర్ట్జ్‌కు అది ఎంతో దూరంలో ఉంది కనుక బ్యాండ్‌పాస్ దానిని సులభంగానే తీసేస్తుంది. అయితే మూల ఫైళ్లను చెరిపివేయకండి, అలల మీద పని చేసేవారికి అదే అసలు సిగ్నల్.

సమాధానం (గాజుతంత్రి)

ఒక్క మాట కలుపుతాను. చివరి మెట్టుగా పౌనఃపున్యం, తరంగసంఖ్యల (మీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే సంఖ్య) తలంలో ఫిల్టర్ వేసి, కేబుల్ వెంట సెకనుకు 1,400 మీటర్ల కంటే నెమ్మదిగా కదిలే శక్తిని తొలగించవచ్చు. కానీ ఆ ఫిల్టర్ అంచులు నిటారుగా ఉంటే శుద్ధ నాయిస్ నుంచి కూడా అందమైన ఏటవాలు గీతలు పుట్టుకొస్తాయి. నమ్మే ముందు ఛానళ్ల వరుసను కలగాపులగం చేసి అదే ఫిల్టర్‌ను మళ్లీ వేయండి, అప్పుడు కూడా గీతలు కనిపిస్తే అవి ఫిల్టర్ గీసినవే. అలాగే పిలుపు ఆకారంలో, తిమింగలానికి అతి సమీపంగా ఉన్న ఛానళ్ల వద్ద, బలహీనత కనిపిస్తే కంగారు పడకండి. ఫైబర్ తన పొడవు వెంట సాగడాన్నే కొలుస్తుంది, అడ్డంగా తాకిన శబ్దాన్ని సరిగా వినలేదు. కేబుల్ వెంట వచ్చే శబ్దానికి కూడా 20 హెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం 75 మీటర్లే కాబట్టి, 50 మీటర్ల గేజ్ దాని బలాన్ని సుమారు 40 శాతానికి తగ్గిస్తుంది. ఈ లోటు నాయిస్ వల్ల వచ్చినది కాదు, ఏ ఫిల్టర్‌తోనూ తీరదు.

ప్రశ్నించినవారి స్పందన (తీరరేఖ)

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఒక గంట రికార్డు మీద మీరు చెప్పిన వరుసలో, ముందు ఎగురుళ్లు, తరువాత మొత్తం కేబుల్ మీడియన్, ఆపైన బ్యాండ్‌పాస్, మళ్లీ చేసి చూశాను. పోయిన పిలుపులు, తిమింగలానికి దగ్గరి చోటు నుంచి కేబుల్ వెంట ఇరువైపులా సాగే రెండు రెక్కలతో, తిరిగి కనిపించాయి, దూరాన ఉన్న ఒంటరి పిలుపులు దాదాపు అన్నీ మాయమయ్యాయి. ఛానళ్లను కలగాపులగం చేసే పరీక్షను ఇప్పుడు మొదలుపెడుతున్నాను. 50 కిలోమీటర్ల అవతల ఒకచోట మాత్రం వరుసగా ముప్పై ఛానళ్లలో ఒక సన్నని వాలు గీత ఇంకా ఉంది, అది ఈ పరీక్షలో నిలుస్తుందో లేదో చూసి రాస్తాను.