14 అడ్డం: రాధ తిరిగితే ధారా, ధరా?

ఒక్కోగడి:
ఇవాళ్టి దినపత్రిక గళ్లనుడికట్టులో 14 అడ్డం ఇది: "రాధ వెనక్కి తిరిగితే ఆగకుండా కారుతుంది (2)". జవాబు ధార అని ఎవరికైనా తడుతుంది. నా పేచీ జవాబుతో కాదు, అక్కడికి చేరిన దారితో. గడికి ఒక అక్షరం. రాధలో మొదటి గడి రా, రెండోది ధ. తిప్పితే ధ, రా. అంటే ధరా. రా మీదున్న దీర్ఘాన్ని ధ మీదికి ఎవరు మోసుకెళ్లారు? జవాబుకు దారి చూపే సూచనగా ఇది న్యాయమైన ఆధారమేనా?

నిలువు9:
ధార. తర్వాత?

తారుమారు:
ఒక్కోగడి గారూ, మరీ పట్టుగా ఉన్నారు. ఆధారంలో రెండు వైపులుంటాయి: ఒకవైపు అర్థం, రెండోవైపు చమత్కారం. "ఆగకుండా కారుతుంది" అర్థం, అది సూటిగా ఉంది. "రాధ వెనక్కి తిరిగితే" చమత్కారం. హల్లులు చూడండి: ర, ధ. తిరిగితే ధ, ర. గుణింతం గడినే అంటిపెట్టుకుని ఉంది, మొదటి గడికి దీర్ఘం, రెండోదానికి లేదు. చదివేవాడికి క్షణంలో అందుతుంది. అందాక ఇంకా పేచీ ఏమిటి?

ఒక్కోగడి:
అచ్చులు ఎక్కడివక్కడ ఉంచి హల్లులు మార్చుకోవడం తిరగడం కాదండీ, ఇచ్చిపుచ్చుకోవడం. నిజంగా శబ్దాన్నే తిప్పుతానంటే పూర్తిగా తిప్పండి: ర్-ఆ-ధ్-అ తిరగేస్తే అ-ధ్-ఆ-ర్, అంటే అధార్. అక్షరాలుగా తిప్పితే ధరా. ఏ లెక్కన తిప్పినా ధార రాదు.

అక్షరాలను విడగొట్టకుండా తిప్పడం కుదరదనేమీ లేదు. గడప వెనుదిరిగితే పడగ. పలక తిరగేస్తే కలప. ఇంకా ముచ్చటైనది, కలం తిరగబడితే లంక. సున్న "లం"తో పాటే కదిలింది. సున్నని విడిగా తీసి తిప్పి చూడండి, మాట ముందు సున్న వచ్చి కూర్చుంటుంది, నోరే తిరగదు. వత్తు కూడా అంతే, పద్మలో ద్మ ఒకటే గడి. గడిలో ఏముందో అదంతా ఒకే ముద్ద.

వత్తు:
గడప, పడగ బాగుంది. నా పేరు వచ్చింది కాబట్టి హాజరు వేసుకుంటున్నా.

ఒక్కోగడి:
మరో మాట. రామ తిరగేస్తే మరా. బోయవాడికి చెప్పింది మరా అనే, మార అని కాదు. మార అని చెప్పి ఉంటే ఆయన మన్మథుణ్ణి తలుచుకుంటూ పుట్టలో కూర్చునేవాడు. అక్షరాలు గుణింతంతో సహా తిరుగుతాయని ఆ కథే సాక్ష్యం.

తారుమారు:
ఆ కథలో తిరగేయడం ఎక్కడుంది? మరామరామరా అని ఊపిరి తిప్పుకోకుండా అంటే మధ్యలో రామ వినిపిస్తుంది. అది వెనక్కి తిప్పడం కాదు, మాటల మధ్య దాచడం. "వాన రంగులో దాగిన కోతి (3)" అన్న ఆధారంలో వానరం దొరుకుతుందే, అదే రకం. తప్పు సాక్షిని పిలిచారు.

ఒక్కోగడి:
మధ్యలో వినిపించేది రామ. నోటితో పలికేది మరా. ఆ రెండింటి సంబంధం తిరగేయడమే కదా?

తారుమారు:
రెండే అక్షరాల మాటను ఆపకుండా అంటే మధ్యలో తిరగేసిందే వినిపిస్తుంది, ఏ మాటైనా. మూడక్షరాలు పెట్టి చూడండి. గడప గడప అంటే మధ్యలో డపగ, పగడ వస్తాయి. పడగ రాదు.

నల్లగడి:
వాల్మీకిని పుట్టలోనే వదిలేసి 14 అడ్డానికి రండి బాబూ. అయినా పగడ చూసి ఇంకో సున్న ఉంటే పగడం అయ్యేదని అనిపించింది.

పెన్సిల్‌ముక్క:
కొత్తగా పూరిస్తున్నవాళ్లు ఇది చదివి బెదిరిపోతారని రాస్తున్నా. ముందు బ్రాకెట్లో అంకె చూడండి. తర్వాత ఆధారం మొదలు గానీ చివర గానీ అర్థం ఉంటుంది, మధ్యలో ఉండదు. అర్థం తీసేశాక మిగిలిన దాంట్లో బ్రాకెట్ అంకెకు సరిపడా అక్షరాలున్న మాట ఉంటే అదే సరుకు, పక్కన తిరిగి, తడబడి, చెదిరి లాంటి మాట ఉంటే అదే పని. "వలన తడబడి రాసిన పెద్ద కథ (3)": అర్థం పెద్ద కథ, సరుకు వలన, పని తడబడి, నవల. "తల తెగిన సముద్రం వేడెక్కింది (2)": ఇక్కడ సరుకు నేరుగా లేదు, సముద్రాన్ని సాగరం చేసుకుని సా తీసేయాలి, గరం. తలకిందులు, పైకెగసి లాంటివి నిలువు ఆధారాల్లోనే నప్పుతాయి, అడ్డంలో కనిపిస్తే కూర్పరి పొరపడ్డట్టు.

ఇక 14 దగ్గర జరిగేది ఇదీ. 14 నిలువు "అవధాని చివర అప్పజెప్పేది (3)", ధారణ. రెంటికీ మొదటి గడి ఒకటే. అడ్డంలో ధరా రాసినవాడికి నిలువులో ధరణ వస్తుంది, ఆధారానికి నప్పదు. కాబట్టి పెన్సిల్‌తో రాసి, నిలువు చూసి సరిచేసుకోండి. ఈ గడుల పటంలో 14 అడ్డం రెండో గడికి పైనా కిందా నల్లగడులే, అక్కడ సాయం లేదు.

తారుమారు:
అదే నేను చెప్పేది. నిలువు తేల్చేసింది. మరి గొడవేంటి?

ఒక్కోగడి:
నిలువు రానివాడికి? ధారణ తట్టనివాడు ధరా దగ్గరే ఆగిపోతాడు, పైగా నియమం ప్రకారం సరిగ్గా చేసి. ఇంగ్లండ్ అబ్జర్వర్ పత్రికలో జిమినీజ్ అన్న మారుపేరుతో గళ్లనుడికట్లు కూర్చిన మాక్‌నట్ 1966లో పుస్తకంగా రాసిన నియమాల సారం ఇదే: ఆధారంలో ఉండాల్సింది కచ్చితమైన అర్థం, న్యాయమైన చమత్కారం, అంతకుమించి ఏమీ వద్దు.

తారుమారు:
ఇంగ్లీషులో గడికో లెటర్. గుణింతం లేదు, వత్తు లేదు. ఆ కొలబద్ద తెచ్చి తెలుగు గడి కొలిస్తే ఎలా? అయినా అసలు సంగతి నాకు తెలుసు. ఆమధ్య "నాగ తిరిగితే పాట" ఆధారానికి మీరు గనా అని పంపారు, గాన రావాల్సింది. సరిగా పూరించినవారి జాబితాలో మీ పేరు రాలేదు. ఆ కోపం ఇవాళ రాధ మీద తీరుస్తున్నారు.

ఒక్కోగడి:
అవును, పంపాను. నియమం ప్రకారం గనాయే. అర్థం లేని మాట అని తెలిసీ పంపాను, తప్పు నాది కాదని చూపించడానికి. ఎవరూ జవాబివ్వలేదు. ఇప్పుడు మీరిస్తారా? ఇంత పట్టుగా వెనకేసుకొస్తున్నారంటే మీరూ కూర్పరే అయ్యుండాలి.

నిలువు9:
ఇప్పుడు రసకందాయంలో పడింది.

తారుమారు:
ఔను, కూర్చుతాను. ఇది నాది కాదు గానీ ఇలాంటివి నావీ ఉన్నాయి. ఎందుకో చెబుతా వినండి. 9కి 9 గడుల్లో నాలుగు మూలలా మాటలు కలవాలి. ఇంగ్లీషులో కూడలి గడికి 26 లెటర్లలో ఒకటి కుదిరితే చాలు. మనకు హల్లు కుదరాలి, దాని గుణింతమూ కుదరాలి, వత్తుంటే వత్తూ కుదరాలి. ధా కావాల్సిన చోట ధ వస్తే పనికిరాదు. గంటసేపు కుస్తీ పట్టాక పటం నిలబడుతుంది. అప్పుడు చేతిలో మిగిలేవి ధార, గాన, తీగ లాంటి రెండక్షరాలు. వాటికి తిరగేసే మాటలు అక్షరం తప్పకుండా దొరకవు. రాధ ధారగా మారితే పూరించేవాడి మొహంలో చిన్న నవ్వు వస్తుంది. ఆ నవ్వు కోసం దీర్ఘాన్ని కాస్త జరుపుతాం, అంతే.

ఒక్కోగడి:
ఇదన్నమాట. మీకు పటం కష్టం, కాబట్టి ఆధారం వదులు. నాకేమో గడి పక్కన ఏ సాయం లేకపోయినా ఆధారం ఒక్కటీ చదివి "ఇదే" అని పెన్నుతో రాయగలగాలి. ఆ రాయడమే నాకు నవ్వు. మీ నవ్వుకీ నా నవ్వుకీ చుక్కెదురు, అంతే తేడా. మొదటే చెబితే వాల్మీకిని లేపేవాణ్ణి కాదు.

ధార కోసం రాధే కావాలా? "సాధారణం లోపల ఆగకుండా కారేది (2)". సా ధా ర ణం, మధ్యలో రెండు గడులు యథాతథంగా ధార. ఒక్క గుణింతం కదల్లేదు.

తారుమారు:
నిజమే, కదల్లేదు. కానీ ఎవరూ తల గోక్కోనక్కర్లేదు, మొదటి చూపులోనే కనిపిస్తుంది. ఇది చూడండి: "తలా సున్నా లేని ఆధారం ఆగకుండా కారుతుంది (2)". ఆధారంలో ఆ పోయింది, చివరి సున్న పోయింది, ధార.

వత్తు:
అబ్బ! ఆధారానికే ఆధారం. ఇది అచ్చు వేయండి.

ఒక్కోగడి:
బాగుంది, ఒప్పుకుంటా. కానీ రం ఒకటే గడి. సున్నని విడిగా ఎలా పీకుతారు?

తారుమారు:
పీకుతున్నానని ఆధారంలోనే చెప్పాను కదండీ. సున్నా లేని అని.

ఒక్కోగడి:
చెప్పారు. అది వేరు. అలాగైతే రాధకూ "దీర్ఘం కదలకుండా" అని ఒక్క ముక్క తగిలించి ఉంటే నేనీ చర్చే పెట్టేవాణ్ణి కాదు.

నల్లగడి:
17 నిలువుకి వెళ్దామా? అక్కడ ళ వేయాలో ల వేయాలో తేలలేదు.