"తెప్పలుగ చెఱువు నిండిన": ప్పనా, ట్టనా? కప్పలు చేరునా, పుట్టునా?

బరంపురం:
సుమతీ శతకంలో "ఎప్పుడు సంపద కలిగిన నప్పుడు బంధువులు వత్తురు" పద్యం మూడో పాదం దగ్గర ఆగిపోయాను. అచ్చులో "తెప్పలుగ చెఱువు నిండిన" అని ఉంటుంది. నా నోటికి మాత్రం "తెట్టులుగ" (తెట్టు, అంటే నీటిమీద కట్టే పొర) అని వస్తోంది. నాలుగో పాదం కూడా అచ్చులో "గప్పలు పదివేలు చేరుఁ గదరా" అని ఉంటే, "గప్పలు పదివేలు పుట్టుఁ గదరా" అని విన్నట్టు గుర్తు. ఈ రెండు పాఠాలూ ఎక్కడైనా ఉన్నాయా? అసలు "తెప్పలుగ" అంటే ఏమిటి? టీకలు "నిండుగా" అని దాటిపోతాయి. నిండుగా నిండడమేమిటి?

పర్లాకిమిడి మాస్టారు:
తెట్టు కుదరదమ్మా. గణానికి అడ్డు లేదు. "తెట్టులు" భగణం, "గ చెఱువు" నలం, "నిండిన" భగణం, చక్కగా నడుస్తుంది. ప్రాస దగ్గర, అంటే ప్రతి పాదం రెండో అక్షరం దగ్గర, పట్టుబడుతుంది. ఎప్పుడు, నప్పుడు, తెప్పలుగ, గప్పలు: నాలుగు చోట్లా ప్ప ఉండాలి. ట్ట పెడితే పద్యమే పోతుంది.

"పుట్టుఁ" సంగతి వేరు. "లు చేరుఁ" జగణం, "లు పుట్టుఁ" కూడా జగణమే. యతి గప్పలు–గదరా మధ్య ఉంది కాబట్టి ఈ మాట మీద పడదు. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పలేదు. అర్థమే చెప్పాలి. బంధువులు "వత్తురు" అన్నాక కప్పలు "చేరు" అంటేనే పోలిక అతుకుతుంది. బంధువులు సంపదలోంచి పుట్టరు కదా.

జయపురం:
మాస్టారూ, అర్థమే తీర్పు చెప్పాలంటే కప్పను కూడా సాక్ష్యానికి పిలవాలి. "చేరు" అన్నది అక్షరాలా నిజం. తొలకరికి చెరువులో అరిచే కప్పలు ఆ నీటిలో పుట్టినవి కావు. ఏడాదిలో ఎక్కువ రోజులు గట్టు చుట్టూ ఉన్న నేలలోనే బతుకుతాయి. బొరియకప్పను పట్టి వెనకపాదం తిప్పి చూడండి. లోపలి అంచున గోరులాంటి గట్టి బొడిపె ఉంటుంది, పార అంచులాగే. కప్ప ముందుకు తవ్వదు. కూర్చున్నచోటే తుంటి అటూ ఇటూ ఆడిస్తూ వెనక్కి దిగిపోతుంది. చివరికి కళ్ళు కూడా మట్టిలోకి పోతాయి. వాన తడి తగలగానే పైకి వచ్చి నీటివైపు నడుస్తుంది. బోదురుకప్పలు అంత లోతుకు దిగవు గాని, అవీ పొలంలోంచి, పొదల్లోంచి వచ్చి చేరేవే. మగవి ఆ కొద్ది రోజులే పసుపు ముద్దల్లా మెరుస్తాయి, గొంతు సంచులు నీలంగా ఉబ్బుతాయి.

గట్టు నుంచి 150–300 మీటర్ల దాకా ఉన్న నేల కూడా కప్పల లెక్కలో చెరువులో భాగమే. ఆ నేల మీద గ్రావెల్ పోసి రోలర్ తొక్కించి పేవర్ బ్లాకులు పరిస్తే చెరువు ఎంత నిండినా చేరేందుకు కప్ప ఉండదు. రోలర్ తొక్కిన నేలను ఆ బొడిపె చీల్చలేదు.

గుణుపురం:
"పుట్టు"ను అంత సులువుగా వదలకండి. చేరినవి వందలు, పుట్టేవి వేలు. ఒక్క ఆడ బోదురుకప్ప వేల గుడ్లు పెడుతుంది. "పదివేలు" అన్న సంఖ్య పుట్టుకకే సరిపోతుంది.

తెప్ప మీద నాదొక ఊహ ఉంది. కొన్ని చిన్నకప్పల గుడ్లు నీటిమీద ఒకే పొరగా, చాప పరిచినట్టు తేలతాయి. గరుకు చర్మపు గోదురుకప్ప గుడ్లు అలా కావు, జిగురు దారంలో నల్లపూసల్లా వరసగా ఉంటాయి. చెట్టుకప్ప నీటికి పైన కొమ్మకు నురుగు గూడు కడుతుంది. తేలే ఆ పొరనే కవి తెప్ప అన్నాడేమో.

పర్లాకిమిడి మాస్టారు:
గుడ్ల వివరం బాగుంది, అన్వయం మాత్రం కుదరదు. "తెప్పలుగ" అన్నది నిండడానికి విశేషణం. నిండిన తర్వాత కప్పలు, ఆ తర్వాత గుడ్లు. కవి క్రమం తప్పలేదు.

ఛత్రపురం:
తెట్టు పాఠం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట ఇక్కడ పడడానికి కారణం కళ్ళెదుటే ఉంది. పట్నపు చెరువుకు ఇప్పుడు రెండు నిండడాలున్నాయి.

ఎకరం నేలమీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 40 వేల లీటర్లు. ఆకులూ గడ్డీ ఉన్న నేలైతే మొదటి వానలో చాలావరకు ఇంకుతుంది, మిగిలింది నిదానంగా గెడ్డలోకి (వాగులోకి) దిగుతుంది. కాంక్రీటు, డాబా, తారు అయితే పదింట తొమ్మిది వంతులు అరగంటలో కాలువలో పడతాయి. వస్తూ వస్తూ సబ్బునీళ్ళు, ఇంజను నూనె, మురుగు మోసుకొస్తాయి. చెరువు గబుక్కున నిండుతుంది. ఆ నీటితో వచ్చిన భాస్వరం, నత్రజని వల్ల వారం పది రోజుల్లో ఆకుపచ్చ తెట్టు కడుతుంది. నాచు పగలు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామునే చేపలు నోళ్ళు తెరిచి పైకి తేలతాయి. మధ్యాహ్నం నీళ్ళు పరీక్షించి బాగుందంటే అది సగం నిజమే. పరీక్ష సూర్యోదయానికి ముందు చేయాలి.

గుర్రపుడెక్క తీయించేవాళ్ళు ఒకటి మరిచిపోతారు. లాగి గట్టుమీదే కుప్ప పోస్తే అది కుళ్ళి, ఆ సారమంతా మొదటి వానకు మళ్ళీ చెరువులోకే దిగుతుంది. నీరు వెనక్కి పారని చోటికి మోయించాలి.

బరంపురం:
ఇంకో అనుమానం. పద్యంలో "చెఱువు" అన్నాడు. ఇక్కడ ఒడిశా వైపు మాటల్లో పొఖొరి వేరు, శ్రీకాకుళం వైపు బంద వేరు, కోనేరు వేరు. కప్పలకు ఏదైనా ఒకటేనా?

జయపురం:
ఒకటి కాదు. పొఖొరి తవ్వింది, నాలుగువైపులా నిలువు గోడ ఉంటుంది. చెరువు కట్ట వేసింది, పై వైపు నేల మెల్లగా నీటిలోకి దిగుతుంది. తేడా అంతా ఆ వాలులోనే ఉంది. తోకకప్ప కాళ్ళు తెచ్చుకుని బయటికొచ్చే రోజుకు వేలి గోరంత ఉంటుంది. ఎండకు కాగిన నిలువు రాతిగోడ అది ఎక్కలేదు, నీటి అంచునే ఎండిపోతుంది. అందుకే కొత్తగా రివెట్‌మెంటు (గట్టుకు రాతి కట్టడం) కట్టేటప్పుడు కనీసం ఒక్కవైపైనా ఒక అడుగు ఎత్తుకు మూడు అడుగుల వాలు మట్టితో వదలాలి. గోడ ముందే కట్టేసి ఉంటే మూలల్లో గరుకు రాళ్ళు పేర్చి నీటి లోపలి నుంచి గోడ పైదాకా మెట్టలా వేయాలి. లేదంటే కొబ్బరిపీచు చాప ఒక కొస నీటిలో మునిగేలా వేలాడదీయాలి. ఆ చాప తడిగా ఉంటేనే పని చేస్తుంది. ఎండిన చాప గోడతో సమానం.

పూడిక తీసి ఏడాది పొడుగునా నీరు నిలిపితే మేలనుకుంటారు. కప్పకు అది మేలు కాదు. వేసవిలో ఎండే బందలో చేపలు నిలవవు. తోకకప్పలకు నెల, నెలన్నర చాలు. ఎండని చెరువులో తిలాపియా, ఆఫ్రికా మార్పు చేప (క్యాట్‌ఫిష్), దోమల కోసమని వదిలిన గాంబూసియా ఉంటాయి. గాంబూసియా దోమ పిల్లల్ని తింటుంది, తోకకప్పల్నీ కొరుకుతుంది. బోదురు తోకకప్ప కూడా దోమ పిల్లల్ని తినేదే. దాన్ని పోగొట్టి దీన్ని తెచ్చుకోవడం ఏం లెక్కో తెలియదు. చెరువుల్లో ఒకటి లోతుగా ఉన్నా, పక్కన ఒకటైనా ఎండేది ఉండాలి.

గుణుపురం:
అయితే "తెప్పలుగ" అన్నది ఎండిన చెరువు కొత్తగా నిండడం గురించే! ఎప్పుడూ నిండి ఉండే చెరువుకు ఆ మాట ఎవరూ వాడరు. సంపద "కలిగిన" అన్నాడు, "ఉన్న" అనలేదు చూడండి. ముందు లేదు, ఇప్పుడు కలిగింది.

పర్లాకిమిడి మాస్టారు:
ఇది బాగుంది, తీసుకుంటున్నాను. "కలిగిన" మీద ఇన్నాళ్ళూ దృష్టి పెట్టలేదు.

సంపద చూసి చేరే చుట్టాలతో పోల్చి కప్పకు చేసిన అన్యాయం మాత్రం అదే శతకంలో ఇంకో పద్యం సరిచేస్తుంది. "కమలములు నీట బాసిన" పద్యంలో "తమ తమ నెలవులు దప్పిన" అంటాడు. నీటిలో ఉన్నంతవరకు కమలానికి ఆప్తుడైన సూర్యుడే నీరు వీడగానే దాన్ని వాడ్చేస్తాడు. పుస్తకాల్లో ఆవాసం అని రాస్తున్నారు గాని, దానికి తెలుగు మాట నెలవు. జీవి ఉండేచోటు, ఆ చోటుతో దానికున్న చుట్టరికం, రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. వేమన "స్థానబలిమి" అన్నదీ ఇదే. అక్కడ మొసలి, ఇక్కడ కమలం. గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉంటూ బతికున్న మాటను వదిలి ఆవాసం అనడం నాకు మనసొప్పదు.

ఛత్రపురం:
నెలవు మంచి మాటే, కానీ రెండు నెలవులున్న జీవికి ఏకవచనం చాలదు. కప్పకు నేల ఒక నెలవు, నీరు ఒక నెలవు. రెంటి మధ్య దారి కూడా ఉండాలి. తొలకరి రాత్రి బైపాస్ మీద చూస్తే తెలుస్తుంది, రెండు నెలవులూ బాగున్నా మధ్యలో చచ్చేవి ఎన్నో. రోడ్డు కింద కల్వర్టు ఉంటే దాని అడుగున కాంక్రీటు బదులు తడి మట్టి ఉండాలి. రోడ్డు పక్కన రెండడుగుల ఎత్తు నున్నని అడ్డు కట్టి కప్పల్ని ఆ కల్వర్టు నోటిదాకా మళ్ళించాలి. అడ్డు లేని కల్వర్టును కప్పలు వెతుక్కుంటూ రావు.

1987లో మన దేశం కప్పకాళ్ళ ఎగుమతి ఆపింది. పట్టి అమ్మడం ఒక్కటే ఆగితే చాలదని ఆ దారి చూస్తే తెలుస్తుంది.

జయపురం:
"తమ తమ నెలవులు" అని బహువచనమే ఉందిగా.

ఛత్రపురం:
అది కమలాల బహుత్వం, ఒక్కో కమలానికి రెండని కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
వ్యాకరణం ప్రకారం మీరన్నదే సరి.

బరంపురం:
ప్రాస తేలింది, తెట్టు వదిలేశాను. "చేరు" కూడా ఒప్పుకున్నాను. "తెప్పలుగ" ఇంకా తేలలేదు. గుణుపురం వైపు గాని, పాతపట్నం వైపు గాని "చేపలు తెప్పలుగా పడ్డాయి" అనే వాడుక ఎవరైనా విన్నారా? ఉంటే అది నిండడం గురించా, నీటిమీద తేలడం గురించా?

గుణుపురం:
"తెప్పలు తెప్పలుగా" అని రెండుసార్లు అంటే విన్నాను, వరద నీటి గురించి. ఒక్కసారి అనగా వినలేదు.