చదివేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకుంటే బుర్ర చురుగ్గా పనిచేస్తుందా?

గ్రూప్స్‌_అభ్యర్థి:
కోవిడ్ అప్పుడు కొన్న 5 లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే యంత్రం) ఇంట్లో ఊరికే పడి ఉంది. ఏసీ గదిలో తలుపులు మూసి చదువుతుంటే రెండు గంటలకే మత్తు, తలబరువు. ఆక్సీమీటర్ మాత్రం 98 చూపిస్తోంది. ముక్కు గొట్టంతో నిమిషానికి 2 లీటర్లు పెట్టుకుంటే జ్ఞాపకశక్తి పెరుగుతుందా? ఊపిరితిత్తులకేమైనా ప్రమాదమా?

శ్వాసవైద్యం:
98 అంటే హిమోగ్లోబిన్ దాదాపు నిండినట్టేనండి. హిమోగ్లోబిన్ 15 గ్రాములుంటే 100 మి.లీ. రక్తంలో సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. 2 లీటర్లు పెట్టుకుంటే పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 నుంచి 28 శాతం దాకా వెళ్తుంది కానీ, రక్తంలో పెరిగేది అర మి.లీ.కి మించదు. పైగా ఆక్సిజన్ బాగా ఎక్కువైతే మెదడు రక్తనాళాలు కుంచించుకుపోయి రక్తప్రవాహం తగ్గుతుంది. ఇటు పెంచితే అటు కోత!

ఆరోగ్యవంతులైన యువకులు కాసేపు శుద్ధ ఆక్సిజన్ పీలిస్తే పదాల జాబితా కొంచెం బాగా గుర్తుంచుకున్నారని బ్రిటన్‌లో 1990లలో చేసిన చిన్న ప్రయోగాల్లో తేలింది. రోజుకు పది గంటల చదువుకి అది పనికొచ్చే ఆధారం కాదు.

ప్రమాదమంటారా, 28 శాతంతో ముక్కు ఎండిపోవడం తప్ప పెద్దగా ఏమీ కాదు. శుద్ధ ఆక్సిజన్ 12–24 గంటలు పీలిస్తే మాత్రం రొమ్ము ఎముక వెనక మంట, పొడిదగ్గు మొదలవుతాయి. ఇంట్లో సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న పెద్దవాళ్లకి ఇష్టమొచ్చినంత పెట్టేయకండి. వాళ్లలో చాలామందికి ఆక్సీమీటర్ 88–92 మధ్య ఉంచితే చాలు. అంతకు మించితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగత కమ్ముతుంది.

గాలి_లెక్కలు:
నా అనుమానం గది మీద. మీ మత్తుకి అక్కడ పేరుకునే కార్బన్ డయాక్సైడ్ కారణం కావచ్చు. 10×10 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకోండి. కూర్చున్న మనిషి గంటకు దాదాపు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి అసలు మారకపోతే గంటకు 600 పీపీఎం (పది లక్షల భాగాల్లో 600) పైనే పెరుగుతుంది. బయట 420 ఉండేది రెండు గంటల్లో 1700 దగ్గరికొస్తుంది. అదే సమయంలో ఆక్సిజన్ 20.9 నుంచి 20.8కి దిగుతుంది, అంతే. స్ప్లిట్ ఏసీ బయటిగాలి తేదు, ఉన్నదాన్నే తిప్పుతుంది. మీ కాన్సంట్రేటరూ ఆ గది గాలినే పీల్చి, నైట్రోజన్ వేరుచేసి అక్కడికే వదులుతుంది. పైగా 300 వాట్ల వేడి!

కిటికీ రెండు అంగుళాలు తెరిచి, తలుపు ఓరగా వేయండి.

గ్రూప్స్‌_అభ్యర్థి:
కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొనాలా సార్?

గాలి_లెక్కలు:
కొంటే ఎన్‌డీఐఆర్ సెన్సర్ (పరారుణ కాంతితో నేరుగా కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచేది) ఉన్నదే కొనండి. చవకవి వేరే వాయువులను చూసి అంచనా కడతాయి, అగరుబత్తి వెలిగించినా కంగారుపడతాయి. ముందు ఆరుబయట పెట్టి 420 దరిదాపుల్లో చూపిస్తోందో లేదో చూడండి.

యంత్రం_రిపేర్లు:
ఏళ్ల తరబడి వాడని కాన్సంట్రేటర్‌లో జియోలైట్ (నైట్రోజన్‌ను పట్టి ఉంచే గుళికలు) తేమ పట్టి ఉండొచ్చు. ప్రవాహం 2 లీటర్లే చూపించినా శుద్ధత పడిపోతుంది. అవసరానికి ఉంచుకోవాలంటే నెలకోసారి కాసేపు నడిపి, ఆక్సిజన్ శాతం కొలిచే అనలైజర్‌తో చూడండి: 90 పైన రావాలి. నడుస్తుండగా పక్కన దీపం, సిగరెట్ వద్దు.

శ్వాసవైద్యం:
ఒకటి మరిచాను, రక్తహీనత ఉందేమో తెలియడానికి సీబీపీ రక్తపరీక్ష చేయించండి. ఆక్సీమీటర్ హిమోగ్లోబిన్ ఎంత నిండిందో చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు; అది 9 ఉన్నా 98 చూపించగలదు.