ఆవు పొట్టలో ప్లాస్టిక్ కవర్లుంటే మందుతో పోతాయా?

ప్రశ్న (ఆమదాలవలస దగ్గర పల్లె నుంచి):
మా ఆవు వారం నుంచి సరిగ్గా మేయట్లేదు, నెమరు మానేసింది, పూటకి మూడు లీటర్లిచ్చేది ఇప్పుడు గ్లాసుడు కూడా ఇవ్వట్లేదు. ఎడమ డొక్క బిగుసుకుపోయింది. నిన్న పేడలో నల్ల కవరు ముక్క కనబడింది. ఊరి చివర కల్యాణ మండపం వెనక చెత్త పోస్తారు, విడిచిపెడితే నేరుగా అక్కడికే పోతుంది. అమ్మ ఆముదం పట్టమంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1 (పశువైద్యంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాను):
తమ్ముడూ, ముందు ఆ ఆముదం ఆపు. నీరసంగా ఉన్న పశువుకి గొట్టంతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. ఆవు మనలా నమిలి రుచి చూసి మింగదు, ముందు మింగేసి తర్వాత నెమరేస్తుంది, అందుకే అన్నం వాసన ఉన్న కవరు కవరుతో సహా లోపలికి పోతుంది. అది అరగదు, ఏదో చిన్న ముక్క పేడలో పడినా మిగతాది పెద్ద పొట్ట దాటి కిందికీ పోదు, ఏళ్ళ తరబడి ఒకదానికొకటి చుట్టుకుని ముద్ద కడుతుంది. కడుపు నిండినట్టే ఉంటుంది గానీ ఒంటికి తిండి అందదు. అలా ముద్ద కడితే ఏ మందూ కరిగించలేదు, పొట్ట కోసి తీయాల్సిందే. 1962కి ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్సు వస్తుంది. డొక్క ఇంకా ఉబ్బితే రేపటిదాకా ఆగకు.

జవాబు 2 (శ్రీకాకుళం టౌన్):
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది బాబూ. నేనూ మొన్నమొన్నటిదాకా మిగిలిన అన్నం కవర్లో వేసి ముడేసి పారేసేదాన్ని, ఆ ముడి ఆవు విప్పుకోలేదని తట్టలేదు. ఇప్పుడు తొక్కలు, అన్నం విడిగా బకెట్లో వేసి కుడితికి ఇచ్చేస్తున్నాను. 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులు అమ్మకూడదు, అయినా కూరగాయల బజారులో అడక్కుండానే చేతిలో పెడుతున్నారు. వద్దని మనమే అనాలి.

జవాబు 3 (కళింగపట్నం వైపు):
మాకు వలల్లో చేపలతో పాటు ఇవే వస్తున్నాయి. వంశధారకి వరదొచ్చిన మర్నాడు ఒడ్డంతా కవర్లే. మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళు కూడా వీటిని జెల్లీ చేపలనుకుని మింగేస్తాయి.

ప్రశ్న అడిగిన వ్యక్తి, ఆరు రోజుల తర్వాత:
ఆపరేషన్ అయింది. అరబస్తా తీశారు. కవర్లు, పాల ప్యాకెట్లు, బస్తా దారాలు, భోజనాల బల్ల మీద పరిచే ప్లాస్టిక్ షీటు చుట్టలు చుట్టుకుని ఉంది. నిన్న సాయంత్రం నెమరేసింది, అమ్మ ఏడ్చేసింది. ఆ షీటు మండపం వాళ్ళకి చూపించాను, ఎంగిలాకులు వేయడానికి గొయ్యి తవ్విస్తామన్నారు. తవ్వేదాకా ఆవుని కట్టే మేపుతాను.