నల్లతుమ్మ విల్లుకు అమ్మోనియా ఆవిరి పట్టించవచ్చా?

సాయి_కృష్ణలంక
అందరికీ నమస్కారం. నల్లతుమ్మ చేవతో ఒక విల్లు చేశాను. అవతలి వైపు వెదురు బద్ద అతికించాను. 28 అంగుళాలు లాగితే లాగే బలం 40 పౌండ్లు చూపిస్తోంది. టిల్లరింగ్ (రెండు కొమ్ములూ సమంగా వంగేలా చెక్కడం) అయిపోయింది, నూనె ఇంకా పట్టించలేదు. రంగు మాత్రం నచ్చలేదు. ఒకచోట ఎర్రగా, ఇంకోచోట పాలిపోయి మచ్చలు మచ్చలుగా ఉంది. మూత బిగించిన పెట్టెలో అమ్మోనియా గిన్నె పెట్టి, పక్కన విల్లును రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి కాఫీ రంగు వస్తుందని వీడియోలో చూశాను. ఎవరైనా చేశారా? విల్లు బలం తగ్గుతుందా? మా మేనల్లుడికి దసరాకి ఇద్దామనుకుంటున్నా.

రవి_ఆటోనగర్
నిశ్చింతగా చెయ్యి తమ్ముడూ. నేను చాలాకాలంగా చేస్తున్నాను. ఇది రంగు పూయడం కాదు. చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, అమ్మోనియా ఆవిరి తగిలితే అదే నల్లబడుతుంది. తుమ్మ పట్టతో తోళ్లు శుద్ధి చేసేది కూడా ఆ టానిన్ ఉండబట్టే. పూసిన రంగు పైపైన ఉంటుంది, గీత పడితే కింది అసలు రంగు బయటపడుతుంది. ఇది కొంచెం లోపలికి దిగుతుంది కాబట్టి సన్న సాండ్ పేపర్ వేసినా పోదు. 1900 తర్వాత అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ ఓక్ కుర్చీలు, బల్లలు ఇలాగే చేసి అమ్మాడు. గుర్రాలశాలలో ఓక్ దూలాలు నల్లబడితే చూసి ఈ పద్ధతి పట్టుకున్నారని ఒక కథ కూడా చెబుతారు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. చేవ నల్లబడినట్టు, చేవ చుట్టూ బెరడు వైపు ఉండే తెల్లచెక్క నల్లబడదు. వెదురు అయితే దాదాపు అలాగే ఉండిపోతుంది. లోపల నలుపు, బయట పసుపు. నాకైతే అదే అందం.

విల్లు_మావయ్య
అందం సంగతి తర్వాత. అడిగింది బలం గురించి. దానికి జవాబేదీ? చెక్కను ద్రవ అమ్మోనియాలో నానబెట్టి తాడులాగా వంచొచ్చని 1960లలోనే అమెరికాలో చేసి చూపించారు. చెక్కను మెత్తబరిచే మందును విల్లుకు ఎవరైనా పట్టిస్తారా? విల్లుకు కావలసింది వంగడం కాదు, వంగి మళ్ళీ వెనక్కి రావడం.

రవి_ఆటోనగర్
మావయ్యగారూ, అది నీళ్ళు కలవని అమ్మోనియా, సున్నాకి 33 డిగ్రీల కిందకి చల్లబరిస్తే ద్రవమయ్యేది. మనం పెట్టేది ల్యాబ్ కెమికల్స్ షాపులో దొరికే 25 శాతం లైకర్ అమ్మోనియా, అదీ గిన్నెలో. చెక్క దాన్ని ముట్టుకోదు, ఆవిరి తగులుతుందంతే. రెండూ ఒకటెలా అవుతాయి?

విల్లు_మావయ్య
25 శాతం అమ్మోనియా అంటే మిగతా 75 ఏమిటి? నీళ్ళేగా. మూసిన పెట్టెలో రాత్రంతా ఆ తేమ ఎక్కడికి పోతుంది? విల్లులోకే. చెక్కలో తేమ 28, 30 శాతం దాకా పెరిగేకొద్దీ బలం తగ్గుతూనే ఉంటుంది, ఇది వడ్రంగం తెలిసిన ఎవరికైనా తెలిసిన విషయమే. వానాకాలంలో మన ఊళ్ళో బయట పెట్టిన చెక్క ఊరికే 15 శాతం పట్టేస్తుంది. దానికి తోడు నువ్వు ఆవిరి స్నానం చేయిస్తున్నావు. ఆ తడితో ఎక్కుపెట్టి లాగాడంటే విల్లు వంగినచోటే ఉండిపోతుంది, పౌండ్లు పడిపోతాయి.

రవి_ఆటోనగర్
అందుకే ఆవిరి పట్టించాక ఆరబెట్టి, ఆ తర్వాతే నారి ఎక్కించాలి. ఆరితే తేమ పోతుంది, బలం తిరిగి వస్తుంది. ఇందులో వాదన ఏముంది?

గుంటూరు_శీను
మీ ఇద్దరూ బలం బలం అంటున్నారు, అసలు ఆ గిన్నె మూత తీసేవాడి సంగతి ఒక్కరైనా రాశారా? నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేశాను. అక్కడ చల్లదనం అంతా అమ్మోనియాతోనే. ఒకసారి వాల్వు దగ్గర లీకైంది. తడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని గాలి వచ్చే వైపుకి పరుగెత్తాం. కళ్ళు మండి రెండు రోజులు లైటు చూడలేకపోయాను. మాస్కులు అడిగితే ఆ యజమాని 'ఇన్నాళ్ళూ ఏం కాలేదుగా' అన్నాడు.

గాలిలో పది లక్షల వంతుల్లో 300 వంతులుంటే చాలు, ప్రాణాపాయం కింద లెక్క. 25 శాతం సీసా మూతి దగ్గర ముక్కు పెట్టినవాడికి ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది. మేడ మీద తప్ప ఇంట్లో వద్దు. చుట్టూ మూసుకునే కళ్ళజోడు, రబ్బరు గ్లోవ్స్ ఉండాలి. బ్లీచింగ్ పౌడర్ దరిదాపుల్లో ఉండకూడదు, ఆ రెండూ కలిస్తే ఇంకా విషం.

దారినపోయే_దానయ్య
ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేస్తే పాశుపతం వచ్చింది. కింద కృష్ణలంకలో అమ్మోనియా కూడా కావలసి వచ్చిందా? 😀

పెడన_లక్ష్మి
శీనుగారు చెప్పింది నిజం, ఆ ఘాటు ఊరికే పోదు. కలంకారీలో మేము కరక్కాయ వాడతాం. గుడ్డను కరక్కాయ నీళ్ళలో, పాలలో ముంచి ఆరబెట్టి, ఆ మీద కసిం గీస్తే నలుపు వస్తుంది. కసిం అంటే తుప్పుపట్టిన ఇనుము బెల్లం నీళ్ళలో పులియబెట్టినది. అదీ టానిన్ పనే, కాకపోతే ఇనుముతో. చెక్కకూ పట్టించొచ్చు. ఘాటు లేదు, కళ్ళజోడు లేదు. ముందు ఒక చిన్న ముక్క మీద చూసుకోండి.

రవి_ఆటోనగర్
లక్ష్మిగారూ, ఇనుముతో వచ్చేది సిరా నలుపు. తుమ్మ లోపలి గీతలన్నీ మునిగిపోతాయి. అమ్మోనియాతో గీతలు అలాగే ఉండి రంగు మాత్రం ముదురుతుంది. సాయికి కావలసింది అదే. కరక్కాయ కషాయం మటుకు పనికొస్తుంది. టానిన్ తక్కువున్న చెక్కకు ముందు అది పూసి, ఆరాక అమ్మోనియా ఆవిరి పట్టిస్తే రంగు పడుతుంది.

విల్లు_మావయ్య
చూశారా! చెక్కలో లేని టానిన్‌ని కూడా పూసి మరీ నల్లబరుస్తాడట. అంటే ఏ పిచ్చి చెక్క తెచ్చినా చివరికి చేవలాగే కనబడాలి. అంతే కదా నీ ఉద్దేశం?

రవి_ఆటోనగర్
మాట తిప్పకండి. బలం తగ్గుతుందన్నారు, ఎలా తగ్గుతుందో చెప్పలేకపోయారు. ఇప్పుడు ఉద్దేశం గురించి మాట్లాడుతున్నారా?

విల్లు_మావయ్య
చెబుతాను, అందరూ వినండి. మొన్నటి హస్తకళల ప్రదర్శనలో నా స్టాలు, ఇతని స్టాలు పక్కపక్కనే. నా విల్లు కర్ర మూడు వానాకాలాలు నీడలో ఆరింది. కొసలకు మైనం పూసి, నెలనెలా తిప్పి పెట్టాను. ఒకాయన వచ్చి నాదాన్ని చేత్తో తిప్పి చూసి 'పచ్చికర్రలా ఉందండీ' అని పెట్టేశాడు. పక్కకెళ్ళి రవిది పట్టుకుని 'ఆహా, ఇది పాతకర్ర, చూడగానే తెలుస్తోంది' అని డబ్బిచ్చి పట్టుకుపోయాడు. ఆ కర్ర కొట్టి ఆరు నెలలు కాలేదు. నాకెలా తెలుసంటారా? ఆ చెట్టు కొట్టేటప్పుడు నేనూ ఉన్నాను కాబట్టి.

రవి_ఆటోనగర్
ఆయనకి నేను పాతకర్ర అని చెప్పలేదు.

విల్లు_మావయ్య
కాదని కూడా చెప్పలేదు.

రవి_ఆటోనగర్
ఇంకో సంగతి కూడా అందరూ వినాలి. నేను మావయ్యగారి దగ్గరే పని నేర్చుకున్నాను. బయటికి వచ్చేటప్పుడు ఆరిన కర్రలు నాలుగు అమ్మమని అడిగాను, డబ్బిచ్చి కొనుక్కుంటానని. 'ఆరబెట్టుకో, ఓర్పు నేర్చుకో' అన్నారు. షెడ్డు అద్దె ఓర్పుతో కడతారా? మూడేళ్ళు కర్రలు పేర్చుకుని కూర్చోడానికి అందరికీ మీలాగా మామిడితోటలో పాక ఉండదు. నేను కర్రని చీల్చి బద్దలు చేసి ఆరబెడతాను, తేమ మీటరుతో చూశాకే చెక్కుతాను. ఆరు నెలలకే 10 శాతం లోపుకి వస్తుంది, బద్ద పలచగా ఉంటుంది కాబట్టి. దుంగను దుంగగా ఆరబెడితే మూడేళ్ళు పట్టదా మరి? నేను అమ్మిన విల్లు విరిగిందని ఇప్పటిదాకా ఎవరైనా వెనక్కి తెచ్చారా, చెప్పండి.

విల్లు_మావయ్య
విరిగిందని నేనన్నానా? నువ్వు చేసింది మంచి విల్లే. చెయ్యి నాదేగా నేర్పింది. నేనంటున్నది కొనేవాడి గురించి. వాడి దగ్గర తేమ మీటరు ఉండదు. వాడు రంగు చూసే కర్ర ఆరిందో లేదో అంచనా వేస్తాడు. మన తాతల కాలం నుంచీ అంతే. నువ్వు ఆ రంగుని ఒక్క రాత్రిలో తెప్పిస్తే, వాడు ఇక దేన్ని చూసి కొనాలి? రేపు నీలాగా ఆరబెట్టకుండానే నల్లబరిచి ఇంకొకడు అమ్ముతాడు. అది విరిగి ఏ పిల్లాడి కంటికో తగిలితే?

రవి_ఆటోనగర్
అలా అమ్మేవాణ్ణి పట్టుకోండి. నన్నెందుకు? రంగుని చూసి ఆరిందనుకోవడమే తప్పు. నీడలో పాతికేళ్ళున్నా వానకి తడిసిన కర్ర తడిసినట్టే. మీ విల్లు పాలిపోయి ఉన్నా గట్టిది, నాది నల్లగా ఉన్నా గట్టిది. కొనేవాడికి ఈ ముక్క మనం చెప్పొద్దా? ప్రదర్శనలో మీరు ఆయనకి ఒక్క మాటైనా చెప్పారా? మీరేమో ముఖం తిప్పుకుని కూర్చున్నారు.

విల్లు_మావయ్య
నా స్టాలుకొచ్చినవాడికి పక్కస్టాలు సరుకు గురించి చెప్పడం మర్యాద కాదు. ఆ మాట నువ్వు చెప్పాలి. 'ఆరు నెలల కర్ర, మీటరు పెట్టి చూశాను, నలుపు అమ్మోనియాది' అని చీటీ రాసి కట్టు. అప్పుడు కూడా నీదే కొన్నాడనుకో, నేను నోరెత్తను.

రవి_ఆటోనగర్
అమ్మోనియా అని రాస్తే జనం భయపడతారు. పాలిష్ చేసిన బల్లకి ఎవరైనా చీటీ కడుతున్నారా?

దారినపోయే_దానయ్య
2023 ఆసియా క్రీడల్లో మన సురేఖ మూడు స్వర్ణాలు తెచ్చింది కాంపౌండ్ విల్లుతో, అదే చక్రాలుండే లోహపు విల్లుతో. దానికి ఆరబెట్టడాలూ నల్లబెట్టడాలూ లేవు. మీరిద్దరూ అల్యూమినియం మొదలుపెట్టండి, గొడవ వదిలిపోతుంది.

విల్లు_మావయ్య
దానయ్యా, నీకు పని లేకపోతే వచ్చి మా పాకలో కర్రలు తిప్పు.

సాయి_కృష్ణలంక
అన్నా, మావయ్యగారూ, నా విల్లు అమ్మేది కాదు కదా, మేనల్లుడికి. చీటీ అక్కర్లేదు. చేవ, తెల్లచెక్క రెండూ ఉన్న ముక్క ఒకటి మిగిలింది, ముందు దానికి పెట్టి చూస్తాను. ఆరిందో లేదో మీటరు లేకుండా తెలుసుకునే దారి ఉందా?

విల్లు_మావయ్య
ఉంది. ఆవిరి పెట్టకముందు విల్లును కాటా మీద తూచి బరువు రాసుకో. గ్రాములు చూపే కాటా కావాలి, కూరగాయల కాటా కాదు. ఆవిరి పట్టించాక రోజూ తూస్తూ ఉండు. మొదటి బరువు దగ్గరకొచ్చి, రెండు మూడు రోజులు అక్కడే కదలకుండా ఉంటే ఆరినట్టు. అప్పటిదాకా నారి ముట్టుకోకు. మేనల్లుడు ఎంత ఏడ్చినా సరే.

రవి_ఆటోనగర్
ఇది మాత్రం మావయ్యగారు సరిగ్గా చెప్పారు. నూనె కూడా అప్పుడే పట్టించు, రంగు ఇంకాస్త లోతుగా కనబడుతుంది. ఘాటు పూర్తిగా పోయాకే. చీటీ సంగతి నేను ఆలోచిస్తా, ఒప్పుకున్నానని మాత్రం అనుకోవద్దు.

గుంటూరు_శీను
సాయీ, ఇంతకీ కళ్ళజోడు కొన్నావా లేదా? అది చెప్పవేం?