బియ్యం "నిండుకున్నాయి" అంటే ఖాళీ అయ్యాయనే ఎందుకు?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: "బియ్యం నిండుకున్నాయి అంటే డబ్బా నిండుగా ఉన్నట్టా, ఖాళీ అయినట్టా?" ఖాళీ అయినట్టే. అయిపోయాయనకుండా ఇలా అనడమంతా మూఢనమ్మకం, ఇక వదిలేద్దాం అని కొందరు రాశారు. నాకు ఈ మాటంటే మమకారం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

'నిండు'కి 'కొను' చేరింది, అంతే. చేసుకోవడం, తెచ్చుకోవడం, దాచుకోవడం అన్నప్పుడు ఆ 'కొను' పనిని మనవైపు తిప్పుతుంది. ఇక్కడ మాత్రం అర్థాన్నే తిరగేసింది. 'గండిపేట చెరువు నిండింది' అంటే గేట్లు ఎత్తుతారేమోనని మూసీ పక్క బస్తీల్లో టెన్షన్. 'గండిపేట నిండుకుంది' అంటే ఇక ట్యాంకర్ కోసం ఎదురుచూపే. రెండూ భయాలే. మధ్యలో ఉన్నది ఒక్క 'కు'.

దీనికి కారణం వ్యాకరణంలో కంటే వంటింట్లోనే దొరుకుతుంది. సంజెవేళ "లేవు" అంటే తథాస్తు దేవతలు వింటారని పెద్దవాళ్ల జంకు. పంట పోతే ఏడాదంతా గింజ చూసుకుని వండిన ఇళ్లలో పుట్టిన జంకు అది. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. వెళ్తానని గడప దాటరు, వెళ్లొస్తానంటారు. మా అమ్మ నల్లపూసల దారం ఒకసారి తెగింది. తెగిందని ఆమె నోటి వెంట రాలేదు. "నల్లపూసలు పెరిగాయి, దారం తీసుకురా" అంటూ గుప్పిట మూసుకుని వచ్చింది. స్టీలు పళ్లెంలో పూసలు పోసుకుని, ఒక్కొక్కటే లెక్కపెట్టి గుచ్చేదాకా పొయ్యి దగ్గరికి పోలేదు. తెగడాన్ని పెరగడం అనడమేమిటని అప్పట్లో నేను పట్టించుకోలేదు.

చాలా ఏళ్ల తర్వాత లాడ్ బజార్‌లో మళ్లీ అదే మాట విన్నాను, ఉర్దూలో. పెళ్లి గాజులు బేరం చేసేసరికి రాత్రయింది. పెద్దాయన గాజుల పెట్టెలు సర్దుతూ కుర్రాడితో "దుకాన్ బఢాదో" అన్నారు. బఢానా అంటే పెంచడం కదా, కొట్టు పెంచడమేమిటి అనుకున్నాను. కుర్రాడు షట్టర్ దించాడు! తర్వాత తెలిసింది, చిరాగ్ బఢానా అంటే దీపం ఆర్పడం, దస్తర్‌ఖాన్ బఢానా అంటే భోజనాలయ్యాక కింద పరిచిన గుడ్డ ఎత్తేయడం. ఆ రాత్రి బస్సులో అమ్మ గుప్పిట గుర్తొచ్చింది. చార్మినార్ దగ్గర కొట్టు మూసే పెద్దాయనకీ మా అమ్మకీ పరిచయం లేదు, భాష వేరు, మతం వేరు. ముగిసిపోయే వేళ ఇద్దరికీ నోట్లోంచి 'పెరగడమే' వచ్చింది.

అందుకే దీన్ని మూఢనమ్మకమని తోసెయ్యలేను. బియ్యం అయిపోయాయని అమ్మకు తెలుసు, తెచ్చుకోవాలనీ తెలుసు. రేపటి మీద ఆశ మాత్రం వదులుకోదు. పోయినవాళ్లను "కాలం చేశారు" అనడమూ ఇలాంటిదే. పాళీలోనూ 'కాలం కరోతి' అంటే చనిపోవడమే, అంటే చాలా పాత మర్యాద. చావు వచ్చి పట్టుకుపోయిందని కాకుండా, మనిషే తన వంతు కాలం పూర్తి చేసినట్టు చెబుతాం. నాన్న పోయిన తెల్లవారుజామున చుట్టాలకు ఫోన్లు చేసింది నేనే. వేరే ఏ మాటా గొంతు దాటలేదు, ఇదొక్కటే దాటింది.

ఒక విషయంలో మాత్రం అడిగినవారి వైపే ఉంటాను. వార్తల్లో, ఆసుపత్రి బోర్డు మీద "ఆక్సిజన్ నిండుకుంది" అని రాయకూడదు. సిటీలో పెరిగిన పిల్లలు దాన్ని నిండుగా ఉందనే చదువుతారు. అక్కడ 'అయిపోయింది' అనే రాయాలి. ఇంట్లో మాత్రం దయచేసి ఈ మాటను పోనివ్వకండి. పిల్లలకు అర్థం కాకపోతే డబ్బా మూత తీసి చూపించండి.

తెలంగాణ ఇళ్లలో "బియ్యం ఒడిసినయి", అంటే అయిపోయాయి, అని సూటిగానే అనడం విన్నాను. ఆ ఇళ్లలో దీపం ఆరినా, గాజు పగిలినా ఏమంటారు? రాత్రిపూట పామును 'పురుగు' అనడం నాకు గుర్తుంది. ఇలా పేరు మార్చి పిలిచేవి మీ ఇళ్లలో ఇంకేమున్నాయో, ఎవరి నోట విన్నారో కూడా రాయండి.