చిన్న స్క్రిప్టింగ్ భాషని ఫోర్క్ చేశాం, పేరు దగ్గర ఆగిపోయాం. సలహా కావాలి

ప్రశ్న: అర్ధరాత్రి_బిల్డ్

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

బోరు మోటార్లని ఫోన్ నుంచి ఆన్, ఆఫ్ చేసే చిన్న కంట్రోలర్ బోర్డులు తయారుచేస్తుంటాం మేం. వాటి లోపల నడిచేది ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష. దాని పేరు ఇక్కడ చెప్పను. దాని యజమానులు ఈమధ్య ట్రేడ్‌మార్క్ నిబంధనలు బిగించారు. కోడ్‌లో ఒక్క లైను మార్చి పంచినా ఆ పేరు వాడకూడదట. కోడ్ ఎంఐటీ లైసెన్స్ కింద (ఎవరైనా వాడుకోవచ్చు, మార్చి పంచుకోవచ్చు అనే అనుమతి) ఉంది కాబట్టి దాంతో పేచీ లేదు. మేం పంపిన ప్యాచ్‌లేమో (కోడ్ సవరణలు) అక్కడే మూలుగుతున్నాయి, చూసే దిక్కు లేదు. విసుగొచ్చి ఫోర్క్ చేశాం, అంటే ఆ కోడ్ కాపీ తీసుకుని విడిగా మా దారిలో నడుపుతున్నాం. మాతోపాటు పుణె నుంచి ఇద్దరు, బ్రెజిల్ నుంచి ఒకాయన పనిచేస్తున్నారు.

కోడ్ దగ్గర గొడవల్లేవు. పేరు దగ్గరే వాట్సాప్ గ్రూపు రణరంగం అయిపోయింది. పోటీలో మూడున్నాయి. ఒకటి, పాత పేరుకే ముందు ‘ఓపెన్’ తగిలించడం. రెండోది, పాత పేరులో ఒక అక్షరం మార్చి యజమానుల్ని దెప్పేలా పెట్టడం (మా కుర్రాళ్లంతా దీని వైపే). మూడోది నాది: పిచ్చుక. భాష చిన్నది, బోర్డు చిన్నది, అందుకని.

పాత పేరు ముక్క ఉంచుకోవచ్చా? తెలుగు పేరైతే బయటివాళ్లకి ఇబ్బందా? ఫైల్ ఎక్స్‌టెన్షన్ (ఫైల్ పేరు చివర చుక్క తర్వాత వచ్చే ముక్క), కమాండ్ పేరు కూడా మార్చాల్సిందేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు: పాత_సర్వర్

మొదటి పేరుని ఇవాళే కొట్టేయండి. 2023 ఆగస్టులో హాషికార్ప్ కంపెనీ వాళ్లు టెరాఫార్మ్ (సర్వర్లని కోడ్ రాసి ఏర్పాటు చేసుకునే సాధనం) లైసెన్స్ మార్చినప్పుడు, ఫోర్క్ చేసినవాళ్లు ముందు ఓపెన్‌టీఎఫ్ అన్నారు. సెప్టెంబరులో లైనక్స్ ఫౌండేషన్ కిందికి చేరేటప్పటికి అది ఓపెన్‌టోఫు అయిపోయింది. ‘ఓపెన్’ మిగిలింది, ‘టీఎఫ్’ పోయింది, గమనించారా? టీఎఫ్ అంటే ఈ ఫీల్డ్‌లో ఎవరికైనా టెరాఫార్మే గుర్తొస్తుంది. అవతలివాళ్ల పేరు ముక్క రెండక్షరాలైనా సరే, పెట్టుకుంటే నెత్తి మీద టెన్షనే.

భాషల్లోనే ఉదాహరణ కావాలంటే పైథాన్ ఉంది. 2.8 అనే వెర్షన్ ఎప్పటికీ రాదని వాళ్లు 2011లోనే పెప్ 404 పేరుతో ఒక పత్రం రాసి పెట్టారు. ఆ నంబరు కూడా సరదాకి ఎంచుకున్నదే, వెబ్‌లో 404 అంటే ‘దొరకలేదు’ అని కదా. అయినా 2016 చివర్లో ఒకాయన 2.7ని ఫోర్క్ చేసి, పైథాన్ 3లోని సదుపాయాలు కొన్ని అందులోకి తెచ్చి, దానికి పైథాన్ 2.8 అనే పేరు పెట్టాడు. పైథాన్ వాళ్లు పేరు మార్చమన్నారు. కొన్నాళ్లు ‘ప్లేస్‌హోల్డర్’ అనే పేరుతోనే నడిపి, చివరికి టౌథాన్ అన్నాడు. టౌ అంటే రెండు పైలు కదా, అదీ లెక్క. కోడ్ బాగుందా లేదా అని చూడాల్సిన జనం ముందు పేరు గురించి మాట్లాడుకున్నారు. మీకది వద్దు.

ఇక మీ మూడో ప్రశ్న. అసలు తలనొప్పి అక్కడే ఉంది.

నేను జెన్‌కిన్స్ (కోడ్‌ని దానంతటదే బిల్డ్ చేసి, పరీక్షించే సాఫ్ట్‌వేర్) సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. రాత్రి బిల్డ్ పడిపోతే లాగ్ తెరుస్తాం. ఎర్రర్ కింద వరసగా ‘హడ్సన్.మోడల్’, ‘హడ్సన్.రిమోటింగ్’ అని లైన్లు దిగుతాయి. టీములో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ ఆ లాగ్ నాకు పంపి, “సార్, మన దగ్గర హడ్సన్ అనే సర్వర్ ఎక్కడుంది?” అని అడుగుతాడు. ఎక్కడా లేదు నాయనా. జెన్‌కిన్స్ పాత పేరే హడ్సన్. అది పుట్టిన సన్ మైక్రోసిస్టమ్స్‌ని ఒరాకిల్ కొన్నాక ఆ పేరు మీద హక్కు మాదే అని ఒరాకిల్ వాళ్లు అన్నారు. 2011 జనవరిలో ఓటింగ్ పెడితే పేరు మార్చాలని 214 మంది, వద్దని 14 మంది అన్నారు. వెబ్‌సైట్ మారింది, బొమ్మ మారింది, కమాండ్లు మారాయి. జావా ప్యాకేజీల పేర్లు మాత్రం ఇప్పటికీ హడ్సనే. అవి మారిస్తే వాటిని నమ్ముకుని రాసిన ప్లగిన్లన్నీ ఒక్క రాత్రిలో పనిచేయడం మానేస్తాయి. మార్చకపోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. పిల్లలకి ఆ కథ చెప్పడం నా వంతు, అంతే.

అంచేత పేరు ఖాయం చేసేముందు, మీ రిపోలో (కోడ్ దాచే చోటు) పాత పేరు ఎక్కడెక్కడ ఉందో ఒకసారి గ్రెప్ కొట్టి (ఫైళ్లన్నిట్లో మాట వెతికే కమాండ్) చూడండి. జనానికి కనిపించే చోట్ల మార్చేయండి: రీడ్‌మీ, వెబ్‌సైట్, బూట్ అయ్యేటప్పుడు వచ్చే బ్యానర్. మోటార్లు ఆడించే స్క్రిప్టులు పిలిచే మాడ్యూల్ పేర్ల జోలికి ఇప్పుడే పోకండి. ఎక్స్‌టెన్షన్ విషయంలో ఓపెన్‌టోఫు వాళ్లు చేసింది నాకు నచ్చింది. కమాండ్‌ని మొదటినుంచీ ‘టోఫు’ అనే పెట్టారు, ఫైళ్లు మాత్రం పాత ‘.టీఎఫ్’తోనే నడిపారు. 2024లో, 1.8 వెర్షన్‌లో గానీ ‘.టోఫు’ రాలేదు. వచ్చాక కూడా పాతది తీసేయలేదు.

బోర్డు రైతు పొలంలో ఉంటుంది. దాంట్లో ఉన్న ఫైల్ పేరు మార్చడానికి ఎవరు వెళ్తారు చెప్పండి?

జవాబు: డల్లాస్_తాడిపత్రి

పాత_సర్వర్ గారు చెప్పినదానికి నాదొక ముక్క. పిచ్చుక పేరు వినడానికి ముద్దుగా ఉంది. కానీ ఇంగ్లీషులో ఎలా రాస్తారు? సీలు ఎన్ని, హెచ్‌లు ఎన్ని? మా ఇంట్లోనే నేనొకలా రాస్తాను, మా ఆవిడ ఇంకోలా రాస్తుంది. భాష పేరంటే టెర్మినల్‌లో రోజంతా కొట్టే పేరు. అక్షరం తప్పితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. తెలుగు పేరే పెట్టండి, నేనూ సంతోషిస్తాను. కాకపోతే ద్విత్వాలు, వత్తులు లేని మాట చూడండి. ‘మైనా’ అనుకోండి, పిచ్చుకంత గందరగోళం ఉండదు. వెతికితే బోలెడు పక్షుల బొమ్మలు వస్తాయనుకోండి, అది వేరే సంగతి. గూగుల్ వాళ్ల గో భాషకే ఆ బాధ తప్పలేదు, అందరూ గోలాంగ్ అని వెతుక్కోవాల్సి వచ్చింది. పైగా 2009 నవంబరులో గో బయటికొచ్చిన వెంటనే, ‘గో!’ అనే భాష నాది ముందే ఉంది అని ఇంకొకాయన ఫిర్యాదు పెట్టాడు. గూగుల్ కాబట్టి చెల్లింది. మనకి చెల్లదు.

జవాబు: ఫైళ్ల_గుమాస్తా

నేను ప్రోగ్రామర్‌ని కాను, ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు నింపే ఆఫీసులో పనిచేస్తాను. మీరు రెండు వేరు విషయాల్ని కలిపేస్తున్నారేమో అనిపించి రాస్తున్నాను. ఎంఐటీ లైసెన్స్ ఇచ్చేది కోడ్ మీద హక్కు. పేరు సంగతి అందులో లేదు. అపాచీ 2.0 అనే ఇంకో లైసెన్స్ అయితే పేరు ఇవ్వడం లేదని ఆరో సెక్షన్‌లో విడిగా రాసి ఉంటుంది.

అక్షరం మార్చి దెప్పుదామన్నారే, అది అన్నిటికంటే ప్రమాదం. మన దేశంలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో పేరు వెతికేటప్పుడు స్పెల్లింగ్‌తో పాటు ఉచ్చారణని బట్టి వెతికే సదుపాయం కూడా ఉంది. వినడానికి ఒకేలా ఉన్నా అభ్యంతరం చెప్తారు. సాఫ్ట్‌వేర్‌కి 9వ క్లాసు, సాఫ్ట్‌వేర్ సేవలకి 42. రెండింట్లోనూ చూడండి. వెతకడానికి పైసా ఖర్చు లేదు.

జవాబు: పాత_సర్వర్

గుమాస్తా గారికి దండం. దెప్పే పేరు మీద నా మాట కూడా చెప్తాను. రేపు వాళ్లూ మీరూ రాజీ పడితే ఏం చేస్తారు? అలా జరగదనుకోకండి. 2014 డిసెంబరులో నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) నడిపే తీరు మీద కోపం వచ్చి కొందరు ఐఓ.జేఎస్ అని విడిపోయారు. ఏడాది తిరక్కుండానే కలిసిపోయారు. విడిపోయినవాళ్లు అప్పటికే 3 దాకా వెళ్లారు కాబట్టి నోడ్ వెర్షన్ 0.12 నుంచి ఒకేసారి 4కి దూకింది. ఇంకో సంగతి, వాళ్ల కమాండ్ ‘ఐఓజేఎస్’. కానీ ఇన్‌స్టాల్ చేస్తే ‘నోడ్’ అనే లింకు కూడా పక్కనే పెట్టేవారు, పాత స్క్రిప్టులు ఆగిపోకుండా. పేరులో తిట్టు లేదు, స్క్రిప్టులు విరగలేదు, అందుకే కలవడం తేలికైంది.

రస్ట్ భాష వాళ్లది ఇంకో రకం. 2023 ఏప్రిల్‌లో ట్రేడ్‌మార్క్ ముసాయిదా చూసి జనం భగ్గుమన్నారు, క్రాబ్‌లాంగ్ (క్రాబ్ అంటే పీత) అని ఫోర్క్ పుట్టింది. రస్ట్ అభిమానులకి ముద్దొచ్చే ఫెర్రిస్ అనే పీత బొమ్మ ఉంది. అది అధికారిక గుర్తు కాదు, గీసినావిడ దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసింది. కోపంలో కూడా ఎవరిదీ కాని వస్తువునే ఎంచుకున్నారు. మీ కుర్రాళ్లకి ఇది చూపించండి.

ప్రశ్న అడిగినవారు: అర్ధరాత్రి_బిల్డ్

అందరికీ చాలా థాంక్స్. గ్రెప్ కొట్టాను. పాత పేరు అనుకున్న చోట్లే కాకుండా, బోర్డు వైఫైలో కనిపించే పేరులో కూడా ఉంది. రైతులు దాన్నే వెతికి కనెక్ట్ అవుతారు! ఆ ఒక్కటీ కొత్త బోర్డులకే మారుస్తాం. పాతవాటిని కదిలించం.

ఓపెన్ పేరు తీసేశాం. దెప్పే పేరు మీద కుర్రాళ్లు ఇంకా మూతి ముడుచుకునే ఉన్నారు గానీ, గుమాస్తా గారి జవాబు గ్రూపులో పెట్టాక గొంతు తగ్గింది. పిచ్చుకని బ్రెజిల్ ఆయన చేత కొట్టించి చూశాను, స్పెల్లింగ్ మూడు రకాలుగా వచ్చింది. ఇప్పుడు పోటీలో మైనా, మొలక ఉన్నాయి. కమాండ్ ఇంగ్లీషులో ఐదక్షరాలు దాటకూడదని పుణె వాళ్లు పట్టుబట్టారు, కాబట్టి మైనా ముందుంది. రేపు 9, 42 క్లాసుల్లో వెతుకుతాను. గుమాస్తా గారూ, ఆ ఉచ్చారణ వెతుకులాటలో పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే ఇవ్వాలా?